అప్ప ఎక్కించిన లినక్స్

సీతమ్మధారలో కంటి డాక్టరు చెప్పింది రెండు ముక్కలే. "పోయిన చూపు తిరిగి రాదమ్మా. ఉన్నదాన్ని కాపాడుకుందాం." మా అప్ప సరేనని తలూపి, కుర్చీలోంచి లేచి, తలుపు ఉందనుకున్న చోట చెయ్యి చాపింది. అక్కడ గోడ ఉంది. నేను వెళ్ళి ఆ చెయ్యి పట్టుకోవాలి. పట్టుకోలేదు. ఆటో పిలుస్తానని చెప్పి బయటికి పోయాను. నర్సు తీసుకొచ్చింది తనని.

మా వైపు అక్కని అప్ప అంటాం. నాకన్నా పదేళ్ళు పెద్దది. వన్ టౌన్‌లో ఒక షిప్పింగ్ కంపెనీలో ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుంది. చెవికి హెడ్‌ఫోను, ఎదురుగా మీటలు. "హలో" అన్న ఒక్క మాటతో అవతల ఎవరో చెప్పేసేదట. ఫోన్లో మాట్లాడితే తెలుగైనా ఇంగ్లీషైనా కడిగిన ముత్యంలా ఉండేది. ఫోను పెట్టేశాక మళ్ళీ మా మాటే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని మేమూ గట్టిగా అడగలేదు. రిటైరయ్యాక షుగరు కళ్ళకి తగులుకుంది. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటికి వెలుగూ నీడా తేడా తెలుస్తుంది, అంతే. వన్ టౌన్‌లో అద్దె గది ఖాళీ చేయించి దువ్వాడలో మా ఇంటికి తీసుకొచ్చాను.

అప్ప ఒకచోట కూర్చునేది కాదు. వరండాలోంచి వంటగదికి, వంటగదిలోంచి వరండాకి, గోడ తడుముకుంటూ తిరిగేది. మా ఆవిడ టీచరు. బడికి బయల్దేరే ముందు పేపర్లో పెద్ద అక్షరాల వార్తలు గబగబా చదివి వినిపించేది. అప్పకి అది చాలేది కాదు. తను పేపరు చదివితే రేవులో ఏ ఓడ ఏ బెర్తుకి వచ్చిందో, ఎవరు టెండరు పిలిచారో, అంతా చదవాల్సిందే.

"అయిపోయిందేటే అప్పుడే? లోపలి పేజీ సదవ్వా?"

"బస్సుకి టైమైపోయింది వదినా, సాయంత్రం చదువుతాను."

సాయంత్రానికి ఆ వార్తలు అప్పకి పాచి అయిపోయేవి.

నాది ఉక్కు పని. రోలింగ్ మిల్లులో మీటర్లు, సెన్సర్లు చూసే షిఫ్టు ఉద్యోగం. మధ్యాహ్నం షిఫ్టు పడ్డ వారాల్లో పొద్దున్నంతా ఇంట్లోనే ఉంటాను. అప్ప అలా గోడ పట్టుకుని తిరుగుతుంటే నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది. పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. కూర్చున్నా, రెండు నిమిషాల్లో ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవాణ్ణి.

తెర మీదున్నది చదివి వినిపించేలా ఫోను పెట్టి ఇచ్చి చూశాను. నాలుగు రోజుల్లో తిరిగిచ్చేసింది. షుగరుకి ఆమె వేళ్ళు కూడా మొద్దుబారాయి. "ఈ అద్దం మీద ఏలు పెడితే నాకేటి తెలుస్తాదిరా? మీట ఉండాల. నొక్కితే టక్కుమనాల," అంది. టైపు హయ్యరు పాసైన మనిషి. అప్పుడు నాకు నా కంప్యూటరు గుర్తొచ్చింది.

ఆ కంప్యూటర్లో ఎప్పట్నించో లినక్స్ వాడుతున్నాను. లినక్స్ అంటే కంప్యూటర్ని నడిపించే సాఫ్ట్‌వేరు, ఒకే కంపెనీ సరుకు కాదు. అసలు ముడిసరుకు ఒకటే, దాన్ని పట్టుకుని ఒక్కో బృందం ఒక్కో రకంగా తయారుచేసి ఊరికే పంచుతుంది. అలాంటివి వందలున్నాయి. నాది అన్నీ పీకేసి, నాకు కావలసినవి మాత్రం ఒక్కొక్కటే పెట్టుకుంటూ కొన్నేళ్ళుగా కట్టుకున్నది. దానిలో తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఏర్పాటు సరిగా కుదరదు. కుదిర్చే ఓపిక లేక కాదు. నాది నేను కదపదలుచుకోలేదు, అది నిజం. అదే డిస్కులో కొంత చోటు చేసి, అప్పకోసం రెండో లినక్స్ ఒకటి పక్కనే ఎక్కిద్దామనుకున్నాను.

ఇంక మొదలైంది నా తిరుగుడు. నెట్లోంచి ఒకటి దింపడం, పెన్‌డ్రైవ్‌లో పెట్టడం, దాన్నుంచే నడిపి చూడడం, నచ్చక ఇంకోటి దింపడం. ఒకటి చూడముచ్చటగా ఉండేది, కానీ మూగది. ఒకటి మాట్లాడింది గానీ మెనూలోకి వెళ్ళేసరికి నోరు మూసుకుంది. ఇంకోదాంట్లో ఎంతకీ శబ్దం రాలేదు. పొద్దున్నంతా తల పట్టుకుని కూర్చున్నాక తెలిసింది, శబ్దాన్ని అది స్పీకర్లకి కాక మానిటర్ తీగలోకి పంపిస్తోందని. మిల్లులో కూడా టీ తాగే టైములో ఫోన్లో ఇవే చదువుతుంటే, పక్కవాడు నవ్వాడు.

"ఏటి బావా, పిల్లని ఎతుకుతన్నావేటి? ఇన్ని సూత్తన్నావు?"

పదో రోజో పదకొండో రోజో పొద్దున్న, నేను ఇంకో కొత్తది దింపుతున్నాను. అప్ప గుమ్మంలో వచ్చి నిలబడింది.

"ఎన్నోదిరా ఇది?"

"ఏడోది. ఇది బాగుంటుందంటున్నారప్పా."

"నాకోసమే గదా ఇదంతా?"

"మరి?"

"మరి నన్నొక్కసారీ అడగనేదేటి? అన్నీ నువ్వే ఇంటన్నావు, నువ్వే ఒద్దంతన్నావు." గొంతు పెంచకుండానే అంది. "నా పక్కన కూకోడానికి నీకు బయం. అందుకే దీని ముందల కూకుంతన్నావు."

ఫ్యాను తిరుగుతోంది. స్టేషన్ వైపు ఏదో గూడ్సు వెళ్తోంది. దాని పెట్టెలన్నీ అయ్యాక కుర్చీలోంచి లేచి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. హెడ్‌ఫోను ఇచ్చాను. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, తీగ ఎటువైపు ఉందో చూసుకుని, పెట్టుకుంది. వీపు నిటారుగా అయింది. వన్ టౌన్ ఆఫీసుకి చిన్నప్పుడు కేరేజీ తీసుకెళ్ళినప్పుడు చూసిన మనిషి.

ఏడింటిలో నాలుగు ఆ రోజే వినేసింది. మూగవాటిని పక్కన పెట్టడానికి నిమిషం పట్టలేదు. చివరికి మిగిలినది రంగూ రూపూ లేని పాతకాలపు రకం, నేను రెండో రోజే వద్దనుకున్నది. దానికో గుణం ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటరు ఆన్ చేస్తే "బీప్" అంటుంది. అప్పుడు ఒక మీట నొక్కితే, ఎక్కించే పని మొత్తం మాటలతోనే నడిపిస్తుంది. ప్రశ్న చదువుతుంది, జవాబులకి అంకెలు చెబుతుంది, మనం అంకె కొట్టాలి.

"అయితే నానే ఎక్కిస్తాను," అంది అప్ప.

డిస్కులో చోటు అడిగే దగ్గర ఒక్క అంకె తప్పితే నా లినక్సు, ఫొటోలు, ఏళ్ళ తరబడి రాసుకున్నవన్నీ తుడిచిపెట్టుకు పోతాయి. ఆ మాటే చెప్పాను.

"వేరే దాంట్లో దాసుకో మరి."

దాచాల్సినవి చాలానే ఉన్నాయి. ముఖ్యమైన ఫొటోలు మాత్రం కాపీ చేశాను. నా డిస్కుని కుదించి ఒక ముక్క ఖాళీగా వదిలాను. మర్నాడు పొద్దున్న ఆవిడ కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను. స్పీకర్ పెడదామంటే ఒప్పుకోలేదు, "బోర్డు మీద కూకున్నప్పుడు మా ఆఫీసరు కూడా ఇనీవోడు కాదు" అంది. అంటే లోపల ఏం చెబుతోందో నాకు వినపడదు. తెర మీద వరసలు కనపడతాయి గానీ ఆమె తల అడ్డం. ఇటు వంగాను, అటు వంగాను. భాష అడిగింది, ఊరు అడిగింది, పేరు అడిగింది. టకటకా కొట్టుకుపోతోంది.

"అప్పా, డిస్కు అడిగితే రెండు కొట్టు," అన్నాను. ముందురోజు చదివి పెట్టుకున్నాను.

"ఊఁ."

"రెండే. గుర్తుంచుకో."

"ఒల్లకోరా. నీ గొంతూ దాని గొంతూ కలిసిపోతన్నాయి. బయటికెల్లు కాసేపు."

వెళ్ళాను. వీధి చివర టీ దుకాణం దాకా నడిచాను, టీ చెప్పాను, రాకముందే లేచి వచ్చేశాను. గేటు దగ్గర నిలబడ్డాను. మళ్ళీ దుకాణం దాకా పోయి, చెప్పిన టీ తాగి, డబ్బులిచ్చి వచ్చాను. స్టేషన్లో ఏదో రైలు ఆలస్యమని అనౌన్స్ చేస్తున్నారు. ఇంక ఆగలేక లోపలికి పోయాను.

అప్ప చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెర మీద అదే ప్రశ్న, డిస్కు ప్రశ్న. ఆమె ఇంకా ఏమీ కొట్టలేదు.

"నువ్వు రెండన్నావు. రెండు కొడితే మొత్తం డిస్కంతా తీసుకుంతాదంట. కాలీ జాగాలో ఎక్కించేది ఒకటోది. ఐదు జవాబులూ మూడేసి సార్లు ఇన్నాను."

వంగి చూశాను. నిజమే. నేను చదివి పెట్టుకున్నది పాత వెర్షన్ సంగతి, ఇందులో వరస మారింది. నా నోటితో నేనే నా డిస్కుని తుడిచెయ్యమని చెప్పాను. వెళ్ళి మంచం మీద కూర్చున్నాను.

"ఏటి, కొట్టీమంటావా ఒకటి?"

"కొట్టు."

కొట్టింది. చివర్లో ఇంకోసారి, మార్పులు రాసెయ్యమంటావా అని అడిగితే, దాన్నీ రెండుసార్లు చదివించుకుని అవునంది. ఒంటిగంటకి నేను డ్యూటీకి బయల్దేరేసరికి ఇంకా ఎక్కుతూనే ఉంది. మిల్లులో ఆ పూట నా మనసు మనసులో లేదు. మూడున్నరకి అప్పే తన పాత మీటల ఫోన్లోంచి చేసింది. అయిపోయిందట, మళ్ళీ ఆన్ అయిందట, కానీ ఏమీ పలకడం లేదట.

ఎందుకు పలకడం లేదో నాకు అప్పుడు తట్టింది. రెండు లినక్సులు ఉన్నప్పుడు మొదట ఏది కావాలో అడిగే పట్టీ ఒకటి తెర మీదికి వస్తుంది. దానికి మాట రాదు. కళ్ళున్నవాళ్ళకే అది. ఆమె ముందు అది పట్టీ చూపిస్తూ నిలబడి ఉంటుంది.

"ఎంటర్ కొట్టు అప్పా."

కొట్టింది. హెడ్‌ఫోను మెడలోకి జార్చుకున్నట్టుంది, రెండు మూడు క్షణాలకి ఫోనులోంచే నాకూ వినపడింది, ఇంగ్లీషులో మరమనిషి గొంతు. అప్ప ఫోను పెట్టెయ్యడం మర్చిపోయింది. ఆ గొంతు చెప్పిందల్లా వెనకాలే మెల్లగా తనూ పలుకుతోంది. రోలింగ్ మిల్లు మోతలో చెవికి గట్టిగా అదుముకుని చాలాసేపు విన్నాను.

తర్వాత ఆదివారం తెలుగు గొంతు కూడా పెట్టాను. కొత్తగా బదిలీ మీద వచ్చిన పరాయి రాష్ట్రం అధికారి తెలుగు చదివినట్టు చదువుతుంది. ఒత్తులన్నీ విరగ్గొడుతుంది. "ఈడికి మన మాట రానేదు పాపం," అని అప్ప నవ్వింది. ఆ మూగ పట్టీ వచ్చేముందు ఒక చిన్న కూత పెట్టేలా చేశాను. ఏమీ నొక్కకపోతే తిన్నగా అప్ప లినక్సులోకే పోయేలా మార్చాను. నాది కావాలంటే కిందికి బాణం కొట్టుకుని నేనే వెళ్ళాలి.

చూపు బాగుపడలేదు. వర్షాలకి ముందు ఎడమ కన్ను కూడా ఇంకాస్త మందగించింది. ఇప్పటికీ కొన్ని పూటలు గోడ పట్టుకుని తిరుగుతుంది. నేనూ అలాగే ఉన్నాను, ఒక చోట నిలవను. కాకపోతే పొద్దున్నే నెట్లో పేపరు ఆమెది. హెడ్‌ఫోను తీగ ఈమధ్య తెగిపోతే కొత్తది కొనేదాకా స్పీకర్లో పెట్టుకుంది. ఆ గొంతు వేగాన్ని ఎంత పెంచిందంటే నాకది డ్రిల్లు మిషను మోత. ఒక్క ముక్క అర్థం కాదు.

"ఏముందప్పా ఇవాళ?" అన్నాను చొక్కా తొడుక్కుంటూ.

చెయ్యెత్తి ఆగమంది.

"ఉండ్రా. బెర్తుల కాడున్నాను. అయ్యేక సెప్తాను."