మా వదిన పాస్ చేసిన సాఫ్ట్‌వేర్

మా వదిన ముప్పై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసింది. అవతలివాడు హలో అనకముందే, ఊపిరి తీసిన తీరును బట్టి వాడెవడో చెప్పేసేది. చెప్పులు వేసుకుని మాట్లాడుతున్నాడో, విడిచి మాట్లాడుతున్నాడో కూడా చెప్పేది. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. నమ్మనివాళ్లను ఆవిడ దగ్గరికే పంపాను. ఆవిడ అవుననలేదు, కాదననూ లేదు.

రిటైరయ్యాక ముందు గదిలో కంప్యూటరు పెట్టుకుని, జనం తెచ్చే పాత క్యాసెట్లను డిస్కులకు ఎక్కించడం మొదలుపెట్టింది. ఒకనాడు జిమ్నాస్టిక్స్ టీచరు పెన్‌డ్రైవు పట్టుకుని వచ్చింది. అందులో ఎనిమిది మంది ఆడపిల్లలు రింగులతో చేసే ప్రదర్శనకు సంగీతం ఉంది. ఏడాదిగా సాధన చేస్తున్నారు. పోటీ శనివారం. స్టేడియంలో ఉన్నది పాతకాలపు డిస్కు ప్లేయరు.

“బజార్లో డిస్కు రాయించానమ్మా. కంప్యూటర్లో బ్రహ్మాండంగా మోగింది. స్టేడియంలో పెడితే కిక్కురుమనలేదు,” అంది టీచరు.

“ఫైళ్లను ఫైళ్లలాగే పడేసి ఉంటారు. ఆ ప్లేయరుకు అవి అర్థం కావు. ఆడియో డిస్కుగా మార్చి రాయాలి. మొత్తం ఎన్ని ఫైళ్లు?”

“మూడు. ఆగకుండా ఒకదాని వెంట ఒకటి రావాలి. రెండోది మొదలయ్యేసరికి రింగులన్నీ గాల్లో ఉంటాయి. అక్కడ పాట తడబడితే పిల్లలు పట్టుకోలేరు. ఏడాది కష్టం నేలపాలవుతుంది.”

వదిన దగ్గర డిస్కులు కూడా రాసే ప్లేయర్ సాఫ్ట్‌వేర్లు మూడున్నాయి. పిల్లల సంగీతాన్ని వాటికి అప్పగించే ముందు పరీక్ష పెట్టింది. గోడ గడియారం చప్పుడు పది నిమిషాలు రికార్డు చేసి మూడు ముక్కలుగా కోసింది. సెకనుకొకటి చొప్పున ఆరువందల టిక్కులు. ఒక్కో సాఫ్ట్‌వేరుతో ఒక్కో డిస్కు రాసి, కళ్లు మూసుకుని లెక్కపెట్టింది. నాలుగువందల పన్నెండు దగ్గర వంటింట్లో అన్నయ్య గరిటె కింద పడేశాడు.

“మళ్లీ మొదటినుంచి. మీరు కాసేపు వీధిలోకి వెళ్లండి,” అంది వదిన.

“నా ఇంట్లోంచి నన్నే గెంటేస్తావా?”

“గరిటె అక్కడ పెట్టి వెళ్లండి.”

మొదటి సాఫ్ట్‌వేరు రంగురంగుల దీపాలతో పెళ్లికొడుకులా ఉంది. టిక్కులు ఆరువందలూ ఇచ్చింది కానీ, ముక్కకూ ముక్కకూ మధ్య రెండు సెకన్లు నోరు మూసుకుంది. ఆ ఖాళీని తీసేసే మార్గం ఎంత వెతికినా దొరకలేదు. రెండోది చిటికెలో మార్చేసింది. ప్రతి ముక్క మొదట్లో ఒక టిక్కు మింగింది. కాన్వెంటులో మా సిస్టర్లయినా పేపర్లు అంత నిర్దయగా దిద్దలేదు. రెండూ ఫెయిలు.

మూడోది ఆఫీసు దరఖాస్తు ఫారంలా ఉంది. ఏ అలంకారమూ లేదు. ఖాళీ సున్నా అని పెడితే సున్నాయే ఇచ్చింది. టిక్కులు ఆరువందలు. అయినా వదిన ఊరుకోలేదు.

“ఇది డిస్కును పరుగు మీద రాస్తోంది మరిదీ. పాత ప్లేయర్లు అలాంటివి చదవలేక తడుముకుంటాయి,” అని అన్నిటికన్నా తక్కువ వేగం పెట్టి, పిల్లల సంగీతం రెండు డిస్కులు రాసింది. ఇంట్లో మూలనున్న ముసలి ప్లేయరులో రెండింటినీ చివరిదాకా వింది.

శనివారం ముగ్గురం స్టేడియానికి వెళ్లాం. ఎనిమిది రింగులు పైకి లేచాయి. టీచరు చేతులు మొహానికి అడ్డం పెట్టుకుంది. సంగీతం నూలుపోగంతైనా తెగకుండా సాగింది. ఎనిమిది రింగులూ ఎనిమిది చేతుల్లోకి వచ్చాయి. చప్పట్లకు పైకప్పు రెండంగుళాలు లేచిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

పిల్లలకు రెండో స్థానం వచ్చింది. టీచరు కప్పు పట్టుకుని నేరుగా మా వరుసకొచ్చింది. వెనకాల పిల్లలంతా.

“వీళ్లు మిమ్మల్ని చూస్తామన్నారమ్మా.”

వదిన లేచి నిలబడి చీర సర్దుకుంది. పక్క సీట్లో ఎవరో ఈవిడెవరని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అన్నయ్య అందుకున్నాడు.

“మా ఆవిడండీ. ఆ డిస్కు తనే చేసింది.”