మొన్నటి సముద్రం

ఓబుళేసు సారు నోట 'మొన్న' అన్న మాట వచ్చిందంటే, పదివేల ఏళ్లకు తక్కువ ఉండదు. 'ఈ మధ్య' అన్నాడంటే లక్ష దాటినట్టే.

తప్పు ఆయనది కాదు, ఆయన చదువుది. అనంతపురంలో ఒక యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పే ఆ పెద్దమనిషి, సముద్రపు అడుగు నుంచి ఓడల వాళ్లు తవ్వి తెచ్చిన బురదలో ఇసుక రేణువంత గవ్వల్ని ఏరేవాడు. ఒక్కో గవ్వా ఒకప్పుడు నీళ్లలో బతికిన ఒంటికణపు జీవి ఇల్లు. ఏ పొరలో ఏ జాతి గవ్వలున్నాయో చూసి, అది ఎన్ని వేల ఏళ్ల కిందటి సముద్రమో, అప్పుడు నీళ్లు వెచ్చగా ఉండేవో చల్లగా ఉండేవో చెప్పేవాడు. ఆ బురద గోరు వెడల్పున పేరుకోవడానికి వెయ్యేళ్లు పడుతుంది. అలాంటి గడియారం పెట్టుకున్నవాడికి పదిన్నర బస్సు ఎలా దొరుకుతుంది?

ఇంట్లో ఆయన భార్య రామాంజినమ్మ రోజూ తల కొట్టుకునేది.

"ట్యాంకరు వస్తే పిలుస్తానంటివే? బిందెడు నీళ్లు లేవు ఇంట్లో!"

"ఇంతలోనే పోయిందా? హారన్ వినపడె గదే!"

"వినపడింది పొద్దున! ఇప్పుడు దీపాలు పెట్టే వేళ! ఈయనకు సముద్రాలు కనపడతాయి, ట్యాంకరు కనపడదు!"

కుళ్లాయప్ప అనే రైతు ఒకసారి పనిగట్టుకుని వచ్చాడు. చదువుకున్న సారు, వాన సంగతి తెలిసే ఉంటుందని ఆయన ఆశ.

"సార్, వాన జోరు పెరుగుతుందా? సెనక్కాయ ఇత్తనం ఏసుకోవల్ల."

"పెరగకేమప్పా! తొమ్మిదివేల ఏండ్ల కింద రుతుపవనాలు ఇప్పటికంటే బ్రహ్మాండంగా ఉండె. మా గవ్వలే సాక్ష్యం. ఆ జోరు మళ్లా వచ్చేదుండాది."

కుళ్లాయప్ప మొహం వెలిగిపోయింది. "ఎప్పుడు సార్?"

"ఎంతప్పా, ఇంకో పదకొండు వేల ఏండ్లు!"

"అంతవరకు ఇత్తనానికి పురుగు పడదా సార్?" అన్నాడు కుళ్లాయప్ప, తువ్వాలు దులుపుకుని లేస్తూ.

ఈ సారు దగ్గరే జయంతి పరిశోధనకు చేరింది. మడకశిర పక్కన గొర్రెలు కాచుకునే ఇంటి పిల్ల. తడి కుంచె మొనతో గవ్వను ఎత్తి పెట్టడంలో ఆమెను మించినవాళ్లు ఆ విభాగంలో లేరు. 1999లో వాళ్ల నాయన నడుము విరిగి మంచాన పడ్డాడు. మందను చూసే దిక్కు లేదు.

"సార్, మూడు నెల్లు సెలవు కావల్ల."

"మూడు నెల్లా? దాన్ని సెలవంటారా? రెప్ప కొట్టినంత! పోయి రా."

ఆ రెప్ప నాలుగేళ్లకు గాని తెరుచుకోలేదు. కరువులో గడ్డి వెతుక్కుంటూ జయంతి మందతో ఊళ్లు తిరిగింది. రాత్రి పడుకునే ముందు, పోయిన నెలలు వేళ్ల మీద లెక్కపెట్టేది. నాయన లేచి మళ్లీ మంద వెంట నడిచాక, 2003లో మడకశిరలో అనంతపురం బస్సెక్కింది. దారి పొడుగునా సారుకు చెప్పుకోవాల్సిన క్షమాపణ వల్లె వేస్తూనే ఉంది.

ల్యాబు గుమ్మంలో అటెండరు గురప్ప ఆమెను చూసి నోరు తెరిచాడు. లోపల సారు మైక్రోస్కోపు మీది నుంచి తల ఎత్తలేదు.

"వచ్చినావా? మొన్న సగం ఏరి పోతివే, ఆ ట్రే ఆడనే ఉండాది. ఫ్యాను మాత్రం వేయొద్దు."

"మొన్న కాదు సార్... నాలుగేండ్లు," అంది జయంతి. వల్లె వేసిందంతా మరిచిపోయింది.

"నాలుగేండ్లంటే మన బురదలో ఎంత మందం?"

ఆమె ముక్కు ఎగబీల్చి లెక్క వేసింది. "వెంట్రుకంత గూడా రాదు సార్."

"దానికా ఏడుపు? ఏడిస్తే ఏడ్చినావు, ఆ పక్కకు తిరిగి ఏడువు. గవ్వలు తడుస్తాయి."

అసలు భయం ఆఫీసులో ఉంది. ఏటా జూన్ ఆఖరులోగా సెలవు పొడిగింపు కాగితం పడకపోతే పరిశోధన సీటు రద్దు. జయంతి కాళ్లీడ్చుకుంటూ పోయి అడిగింది. గుమాస్తా వెంకటేశులు ఫైలు తీశాడు.

"నీ సీటు యాడికి పోతుంది తల్లీ? నాలుగేండ్లూ జూన్ ఒకటో తేదీ, మేం తాళం తీసేలోపలే మీ సారు గుమ్మం కాడ నిలబడుకోనుంటాడు. పోయినేడు ఐదు నిమిషాలు ఆలస్యమైతే నన్నే తిట్టినాడు!"

ఫైల్లో నాలుగు ఉత్తరాలున్నాయి. అన్నీ జయంతి సెలవు పొడిగించమని సారు రాసినవే; ఒక్కోదాని మీద తేదీ, పక్కన టైము కూడా వేసి ఉన్నాయి. నాలుగింటి అడుగునా ఒకే మాట: 'ఈమె తప్పక తిరిగి వస్తుంది.'

జయంతి ల్యాబుకు తిరిగొచ్చి నడుం మీద చేయి వేసుకుని నిలబడింది.

"సార్, మీకు తేదీలు తెలుసా?"

సారు చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరు చెప్పినారు? ఆ వెంకటేశులుకు నోట్లో నువ్వుగింజ నానదు!"

"మరి నాతో మొన్న అంటిరే?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"నువ్వు రోజూ లెక్కపెట్టుకుంటానే ఉంటివి గదమ్మా. మళ్లా నేనొకణ్ణి లెక్క చెప్పల్లనా?"

జయంతి ట్రే ముందుకు లాక్కుంది. మధ్యాహ్నం దాకా ఏరింది. ఉన్నట్టుండి అరిచింది: "సార్! గులాబీది!"

గులాబీ రంగు గవ్వ! హిందూ మహాసముద్రంలో ఆ రంగు గవ్వ లక్షా ఇరవై వేల ఏళ్ల కిందటే అంతరించింది. అది దొరికిందంటే పొర అంతకంటే పాతదని తేలినట్టే. సారు కుర్చీ తన్నుకుని పరుగెత్తి వచ్చి ఆమె మైక్రోస్కోపుకు కన్ను ఆనించాడు.

"గురప్పా! మూడు టీలు పట్రా, ఇప్పుడే!"

గురప్ప గుమ్మంలోంచి తల పెట్టాడు. "ఇప్పుడే అంటే మా లెక్కనా, మీ లెక్కనా సార్?"

"మన లెక్కే, గురప్పన్నా," అంది జయంతి, కుంచె కింద పెట్టకుండా. "పొద్దున్నుంచి ఏమీ తినలేదు. బన్ను గూడా తే."