వడ్ల అర్ర ముందు దగ్గు

మా బిడ్డ లావణ్య చేసిన దయ్యాల ఆట గెలిచిందండీ! కంప్యూటర్‌లో ఆడే ఆట... ఆడినవాళ్లందరూ ఒకటే మెచ్చుకోవడం! పొద్దుటి నుంచి ఎల్లారెడ్డి బజారులో ఎవరు ఎదురైతే వాళ్లకు చెప్తున్నాను. కానీ ఏమిటో... ఇంత సంతోషానికి ఒళ్లంతా మొద్దుబారిపోయింది. చాయ్ తాగాను, అది వేడిగా ఉందో చల్లారిందో కూడా తెలియలేదు.

ఈ ఆట ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే వెనక్కి పోవాలి.

మా చిన్నప్పుడు... రామారెడ్డిలో మా ఇంటి వెనక భాగంలో వడ్ల అర్ర ఉండేది. కిటికీ లేని గది. మిట్టమధ్యాహ్నం కూడా అందులో చీకటే. కొత్త వడ్ల వాసన... వడ్లు పోసే గుమ్మి కింద ఎలుకల చప్పుడు...

ఒకనాడు బెల్లం కోసం ఉరికి అందులో దూరాను. గుమ్మి వెనక తెల్లగా ఏదో కదిలింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు... అంతే! "దయ్యం! దయ్యం!" అంటూ బయటికొచ్చి తాత ధోవతి పట్టుకున్నాను. నా వెనకాలే అర్ర తలుపు లోపలి నుంచి మూసుకుంది.

తాత నవ్వలేదు. "దగ్గినవా?" అని అడిగాడు.

"ఎందుకు?"

"చీకటర్రలకు దగ్గి పోవాలెరా. లోపల మనిషున్నా, దయ్యమున్నా, జర సర్దుకుంటది."

అప్పటి ఇండ్లల్లో మగవాళ్లు లోపలికి రావాలంటే గడప అవతలే ఆగి దగ్గేవాళ్లు. ఆ దగ్గు విని లోపలి ఆడవాళ్లు కొంగు సర్దుకునేవాళ్లు. తాత ఆ రోజు కూడా అట్లాగే అర్ర ముందు నిలబడి దగ్గాడు. ఆగాడు. కాసేపటికి తలుపు దానంతటదే తెరుచుకున్నట్టు తెరుచుకుంది. చూస్తే మా పెద్దమ్మ! తెల్ల చీర, చేతిలో చాట, ఎర్రబడ్డ కండ్లు...

నా అరచేతిలో బెల్లం ముక్క పెట్టి, "దయ్యం ఇచ్చింది, తిను కొడుకా" అంది.

ఆమె భర్త, మా పెద్దబాపు, చనిపోయిన ఏడాది అది. ఇంటి నిండా మనుషులే... కడుపునిండా ఏడవడానికి ఆమెకు ఆ అర్ర ఒక్కటే దొరికిందని నాకు పెద్దయ్యాకగానీ అర్థం కాలేదు.

లావణ్య చిన్నగా ఉన్నప్పుడు అన్నం తినిపిస్తూ ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో! అదే పట్టుకుంది. హైదరాబాదులో ఇద్దరు దోస్తులతో కలిసి ఏండ్ల తరబడి కూర్చొని ఆట చేసింది. పాత ఇల్లు, ఎక్కడి నుంచో ఏడుపు, విప్పాల్సిన చిక్కుముడులు... అన్నీ దాటుకొని చివరికి వడ్ల అర్ర దగ్గరికి రావాలి. ఆ తలుపుకు తాళంచెవి లేదు. దగ్గే బటన్ ఒకటుంది. అది ఒత్తి, కదలకుండా కాసేపు ఆగాలి.

ఆ దగ్గు నాదేనండోయ్! ఫోన్ నా మూతి దగ్గర పెట్టి, "బాపు, సినిమాల దగ్గినట్టు దగ్గకు, మంచిగ దగ్గు" అని ఎన్ని తిప్పలు పెట్టిందో!

తీరా ఆట బయటికొచ్చాక మొదట అన్నీ తిట్లే. ఆడినవాళ్లు రాసినవి ఫోన్‌లో చదివి వినిపించింది. 'భయం బాగుంది, చివరి తలుపు తెరుచుకోదు, ఆట చెడిపోయింది' అని ఒకరు. 'ఇల్లంతా గాలించాం, తాళంచెవి పెట్టడం మరిచిపోయారా' అని ఇంకొకరు. 'ముందు ఆ ముసలాయన దగ్గుకు మందు పోయించండి' అని మరొకరు!

ఆయన మాటకు నేను నవ్వాను. లావణ్య నవ్వలేదు.

"బాపు, గొడ్డలితోని తలుపు కొడుతున్నరు, మంట పెడుతున్నరు... ఒక్కలు గూడ దగ్గి ఆగుతలేరు. తాళంచెవి పెడ్దామంటున్నరు మావోళ్లు. లేకుంటే ఆట మునుగుతదట."

"పెడితే ఏమైతది బిడ్డా?"

"లోపలున్నామె ఉత్త దయ్యమైపోతది బాపు."

ఏడో తరగతి చదివినవాణ్ణి, నాకేం తెలుసు? "ఒక్కనాడు ఆగు బిడ్డా" అన్నాను.

తెల్లారి దోమకొండ కోడలినంటూ ఒకామె రాసింది. 'మా మామ గిట్లనే దగ్గెటోడు. అలవాటుకొద్దీ ఆ బటన్ ఒత్తిన. లోపలామె కొంగు సర్దుకునేంత సేపు ఆగిన. ఆమెనే తలుపు తీసింది. భయం కాలేదు... ఏడుపొచ్చింది.'

అది చదివి తిట్టినవాళ్లు మళ్లీ ఆడారు. 'ఆట బాగానే ఉంది, మాకే ఆగడం రాలేదు' అని ఒకాయన రాశాడు. మందు పోయించమన్నాయన కూడా, 'ఆ దగ్గు నయం చేయకండి' అని రాశాడండీ!

ఇవాళ పొద్దున లావణ్య ఫోన్ చేసింది. "బాపు, తాళంచెవి పెడ్తలేను!" అంది. ఫోన్ జేబులో వేసుకొని బజారుకు బయలుదేరాను.

ఇప్పుడు ప్రతి తలుపుకూ గంట ఉంది... కొట్టిన వెంటనే ఫోన్ కూడా చేస్తారు. లోపలి మనిషికి కండ్లు తుడుచుకునే సందు ఎవరిస్తున్నారు? మీ ఇండ్లల్లో గడప ముందు దగ్గినవాళ్లు ఎవరో రాయండి, కూర్చొని చదువుతాను.

నాకు మాత్రం ఇంకా పని ఉంది. కామారెడ్డిలో మా చెల్లె సుగుణకు చెప్పాలి, ఫోన్‌లో చెప్తే అలుగుతుంది, పోయే చెప్పాలి. 'ఆటలు కూడు పెడ్తయా?' అన్న మా బావకు కొంచెం ఎక్కువ చెప్పాలి. పోచారం దగ్గరుండే మా వియ్యంకుడికి చెవులు వినబడవు, గట్టిగా చెప్పాలి. ఇంకా మా పెద్దమ్మకు...

ఆమె పోయి చాలా ఏండ్లయింది. అర్ర ఇంకా ఉంది, ఎరువుల బస్తాలు పెట్టుకుంటున్నారు. రేపు రామారెడ్డి పోతాను. గడప అవతల నిలబడి దగ్గుతాను.

జర ఆగి... చెప్తాను.