ఎనిమిదో స్థానంలో బొంగరం

మా బావ దేన్నయినా వరసలో పెట్టకుండా చూడలేడు. రెండు వస్తువులు పక్కపక్కన కనిపిస్తే చాలు, వాటిలో ఒకటి మొదటిదీ ఇంకొకటి రెండోదీ అయిపోవాలి. అది తేలేదాకా ఆయనకి అన్నం సహించదు.

తప్పు ఆయనది కాదు, వృత్తిది అంటుంది మా అక్క. బావది కళ్ళజోళ్ళ షాపు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము తగిలించి, అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడగడమే ఆయన పని. ఏళ్ళ తరబడి అదే ప్రశ్న అడిగిన నోరు ఇంటికొచ్చాక మాత్రం ఊరుకుంటుందా. ఇంట్లో సీలింగు ఫ్యాన్లకి ర్యాంకులున్నాయి. మేడ మెట్లలో ఐదో మెట్టు అత్యుత్తమం, చివరి మెట్టు మీద ఆయనకి సదభిప్రాయం లేదు. మరదళ్ళకీ ర్యాంకులిచ్చాడు. అక్కకి చెల్లెళ్ళం ఉన్నది ఇద్దరం. మా చిన్నదానిది మొదటి స్థానం, నాది మూడోది.

"మరి రెండో స్థానం ఎవరిది బావా?" అని అడిగాను.

"ఖాళీగా ఉంచాను. అర్హత ఉన్నవాళ్ళు ఎప్పటికైనా దొరక్కపోరు" అన్నాడు ఎంతో ఓర్పుగా.

ఇలాంటి మనిషి చేతికి ఒక కంప్యూటర్ ఆట దొరికింది. బాస్కెట్‌బాల్ ఆట. అందులో మనం ఆడేదేమీ ఉండదు. ఎనిమిది జట్లు, జట్టు నిండా లేని మనుషులు, వాళ్ళ ఎత్తూ వేగమూ ఓపికా చెప్పే అంకెలు, అంతే. మీట నొక్కితే కంప్యూటరే తనలో తాను ఆడుకుని, ఎవరు గెలిచారో చెబుతుంది. యజమానులు చేయాల్సిందల్లా ఆటగాళ్ళకి పేర్లు పెట్టుకోవడం, ఓడిపోతే బాధపడటం. బావ మా వీధిలో షాపులవాళ్ళని పోగేసి జట్లన్నీ పంచిపెట్టాడు. మందుల షాపాయనకొకటి, వీధి చివరి టైలరుకొకటి, బావ గోడకి ఆనుకుని తాళాల కొట్టు నడిపే బాబాయికొకటి, ఎదురుగా జెరాక్స్ షాపు నడిపే నాకొకటి, ఇలా.

మాలో ఒక్కరూ నిజం బంతిని ముట్టుకున్న పాపాన పోలేదు. అయినా నెల తిరక్కుండా అందరం నిపుణులమైపోయాం. మందుల షాపాయన ఆటగాడికి మోకాలు బెణికిందని తెర మీద పడ్డ రోజున, ఆయన దిగులుగా షాపుకెళ్ళి నొప్పులకి రాసే ట్యూబొకటి తీసి విడిగా పెట్టాడు. ఎవరికిస్తాడో మేమూ అడగలేదు. అడిగితే బాధపడేలా ఉన్నాడు.

ప్రతి శనివారం సాయంత్రం బావ షాపులో ర్యాంకుల ప్రకటన. కళ్ళ పరీక్షకి అక్షరాలు వేలాడదీసే చోట తెల్లబోర్డు పెట్టి, ఎనిమిది జట్లలోని పాయింట్ గార్డులని మొదటి స్థానం నుంచి ఎనిమిదో స్థానం దాకా రాసేవాడు. పాయింట్ గార్డు అంటే బంతిని ముందుకి తెచ్చి, ఎవరు ఖాళీగా ఉన్నారో కనిపెట్టి, వాళ్ళకి అందించేవాడు. మిగతా ఆటగాళ్ళకి ర్యాంకులెందుకివ్వవని అడిగితే బావ జాలిగా చూశాడు. బుట్టలో వేసినవాణ్ణి ఎవరైనా చూస్తారట. వేసేవాడికి అందించినవాణ్ణి చూడ్డానికే మంచి కళ్ళద్దాలు కావాలట. షాపు ప్రచారమేమో అనుకున్నాను.

ఇక్కడ తాళాల బాబాయి గురించి చెప్పాలి. ఆయనది పెద్ద గొంతు. మామూలుగా పలకరించినా అవతలివాళ్ళు తామేం తప్పు చేశామా అని ఆలోచనలో పడేవాళ్ళు. తాళంచెవులు కోసే మిషను ఎంత రొద పెడుతున్నా, ఆయన దాని మీదుగానే మా షాపులోకి మాట విసిరేవాడు. అలాంటి మనిషికి గొంతులో కంతి వచ్చింది. ఆపరేషను చేసి తీసేశారు, ప్రమాదం తప్పింది. కానీ మాట మాత్రం గీరుకుంటూ, గాలిలో గాలిలా వచ్చేది. రోజూ మాట్లాడుతూ ఉంటేనే గొంతు తిరిగొస్తుందనీ, ఈ కొన్ని నెలలూ ఊరుకున్నారంటే ఇక ఇంతేననీ డాక్టరు గట్టిగా చెప్పాడు. బాబాయి మళ్ళీ కొట్టు తెరిచిన మొదటి రోజునే ఎవడో కుర్రవాడు "ఏంటి బాబాయ్, ఆకురాయి గాని మింగావా?" అని నవ్వాడు. అంతే, ఆయన నోరు మూసుకున్నాడు. ఎవరేమడిగినా తలూపడం, చీటీ మీద రాసివ్వడం. పిన్నిగారు, అంటే ఆయన భార్య, బతిమాలింది, ఏడ్చింది, చివరికి కోప్పడింది. ఆయన అన్నిటికీ తలే ఊపాడు.

కంప్యూటర్‌లో ఆయన జట్టు మాత్రం చెలరేగిపోతోంది. ఆయన పాయింట్ గార్డు పేరు బొంగరం. అంకెలు తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ కూడా బొంగరమే మొదటివాడని తెలుసు. ఇక నా పాయింట్ గార్డు నిప్పుకోడి. పొడుగు కాళ్ళ మనిషి, పరుగు బాగుంటుంది. బంతి మాత్రం ఎక్కువగా అవతలి జట్టుకే ఇచ్చేవాడు.

ఒక శనివారం బావ బోర్డు మీద రాసింది చూసి మందుల షాపాయన కళ్ళు నులుముకున్నాడు. మొదటి స్థానం, నిప్పుకోడి. ఎనిమిదో స్థానం, బొంగరం. ఇదేం లెక్క అని టైలరు అడిగితే, బంతిని స్వపరభేదం లేకుండా అందించే విశాల దృష్టి ఈ తరం ఆటగాళ్ళలో నిప్పుకోడికి ఒక్కడికే ఉందన్నాడు బావ. బోర్డు కింద ఇంకో మాట కొత్తగా చేర్చాడు. అభ్యంతరాలుంటే నోటితో చెప్పాలి, చీటీలు చెల్లవు.

నాకు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. ఎప్పటినుంచో నిప్పుకోడిలో ఏదో ఉందని నాకనిపిస్తూనే ఉంది. షాపు నాది, కాగితం నాది. ఆ ర్యాంకుల బోర్డు ఫొటోని పెద్దగా ప్రింటు తీసి వీధంతా అంటించాను. కరెంటు స్తంభాన్ని కూడా వదల్లేదు.

బాబాయి చీటీ రాసుకుని వచ్చాడు. బావ దాన్ని చదవకుండానే మడిచి తిరిగిచ్చి, నిబంధన చూపించాడు. బాబాయి బోర్డు వైపు చూపిస్తూ చేతులు తిప్పాడు. సైగలు కూడా చెల్లవన్నాడు బావ. బాబాయి మొహం కందిపోయింది. వెళ్ళిపోబోయి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు.

"బొంగరం... ఎనిమిదా?"

ఆ గొంతు వినగానే షాపులో అందరం తలలు వంచుకున్నాం. నిజంగానే ఇనుము మీద ఇనుము గీసినట్టుంది. బావ మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టి, "సరిగ్గా వినపడలేదు బాబాయిగారూ, ఇంకోసారి చెప్పండి" అన్నాడు. బావకి చెంప మీద ఒక్కటివ్వాలనిపించింది నాకు. బాబాయి ఇంకోసారి చెప్పాడు. మూడోసారీ చెప్పాడు. నాలుగోసారి కూడా కలిపాడు. బావ శ్రద్ధగా విని, అభ్యంతరంలో కొంత పస ఉందనీ, వచ్చే శనివారం ఏడో స్థానం పరిశీలిస్తాననీ చెప్పాడు.

అక్కడినుంచి ఇదే తంతు. బాబాయి రోజూ కొట్టు తీస్తూనే బావ షాపులో దూరి వాదించేవాడు. ఒక వాదనకి బావ ఒప్పుకుంటే రెండు కొర్రీలు పెట్టేవాడు. బొంగరం ఎడమకి పరిగెత్తేటప్పుడు చూపు కుడివైపుందన్నాడు ఒకసారి. వాడికి చూపేమిటి, వాడు అంకెలు కదయ్యా అని బాబాయి అరిచాడు. అంకెలకైనా కళ్ళ పరీక్ష అవసరమేనని బావ జవాబు. కుర్చీలో నంబరు కోసం కూర్చున్న జనం, ముక్కు మీద పరీక్ష ఫ్రేముతోనే తీర్పులు చెప్పేవాళ్ళు. ఒక్కో శనివారం బొంగరం ఒక్కో మెట్టు ఎక్కేవాడు. నిప్పుకోడి మాత్రం మొదటి స్థానం నుంచి కదల్లేదు.

వీధిలో బావ పరువు పోయింది. మరదలి మొహం చూసి ర్యాంకులిస్తున్నాడని టైలరు నా బట్టలు కుట్టడం మానేశాడు. మందుల షాపాయన తన జట్టుని వెనక్కి తీసుకుంటానన్నాడు, లేని మనుషులని ఎక్కడికి తీసుకుపోతాడో చెప్పలేదు. అసూయ కదా అని నేనందరినీ క్షమించేశాను.

ఒక మధ్యాహ్నం బావ షాపులో గుండ్రంగా తిరిగే ఫ్రేముల స్టాండు వెనక, కొనే ఉద్దేశం లేని కళ్ళజోళ్ళు పెట్టి చూసుకుంటున్నాను. అప్పుడు పిన్నిగారు వచ్చింది. నన్ను చూడలేదు.

"బాబూ, బొంగరం మూడో స్థానానికొచ్చేశాడట కదా" అంది బావతో. "ఇంకెంత, రెండు మెట్లు. పైకెక్కేశాడంటే ఈయన మళ్ళీ నోరు మూసుకుంటారేమోనని భయంగా ఉంది. ఇంకో నెలైనా ఇలాగే మాట్లాడిస్తూ ఉండమన్నాడు డాక్టరు. కాస్త కిందకి లాగలేవా?"

"లాగుతాను పిన్నిగారూ. ఈ శనివారం ఐదులో పెడతాను. కారణం ఏదో ఒకటి ఆలోచిస్తాను" అన్నాడు బావ.

"డాక్టరు రాసిచ్చిన మాటలు చదవమంటే ఒక్కనాడూ చదవలేదు. ఇప్పుడు పొద్దున్నే లేచి అద్దం ముందు నిలబడి నిన్ను తిట్టడం సాధన చేస్తున్నారు."

"ఏమంటున్నారు?"

"కళ్ళజోళ్ళు అమ్ముకునే గుడ్డివాడివన్నారు ఇవాళ."

"బాగుంది. మొన్నటి 'తూకం తెలియని వెధవ' కన్నా ఇది పైన ఉంటుంది" అన్నాడు బావ సంతృప్తిగా.

పిన్నిగారు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. నేను స్టాండు వెనక నుంచి ఇవతలికొచ్చాను, ధర చీటీ వేలాడుతున్న కళ్ళజోడుతోనే.

"అంటే బావా, నా నిప్పుకోడికి మొదటి స్థానం..."

బావ ఇబ్బందిగా దగ్గాడు. "బాబాయికి కడుపు మండాలి కదా. బొంగరాన్ని కిందకి తోస్తే సగమే మండుతుంది. పైన ఎవరున్నారో చూసి తక్కిన సగం మండాలి. వీధంతా వెతికాను. నీవాడిని మించినవాడు దొరకలేదు."

"అసలు ర్యాంకు ఎంత?"

"ఎనిమిది" అన్నాడు. నా ముక్కు మీంచి ఆ కళ్ళజోడు తీసుకుంటూ, "ఏడో స్థానం ఖాళీ" అని కలిపాడు.

నాకు కోపమొచ్చింది. అంతకన్నా ఎక్కువగా బావంటే ఇష్టమూ పుట్టుకొచ్చింది. ఫ్యానుకి కూడా అన్యాయపు ర్యాంకు ఇవ్వలేని మనిషి, వారం వారం జనం ముందు నిలబడి తప్పుడు ర్యాంకు రాస్తున్నాడు, తిట్లు తింటున్నాడు. ఆయనకది ఎంత కష్టమో మా ఇంటిల్లిపాదికీ తెలుసు. నేను షాపుకెళ్ళి, చిరిగిన చోటల్లా కొత్త ప్రింట్లు అంటించాను. అడ్డమొచ్చిన టైలరుతో నిప్పుకోడి లాంటివాడు యుగానికొక్కడు పుడతాడని చెప్పాను. మండాల్సిన కడుపులు మండనీ అనుకున్నాను.

బొంగరం ఐదుకి దిగాడు, మళ్ళీ ఎక్కాడు, బావ ఏదో వంక పెట్టి మళ్ళీ దింపాడు. బాబాయి గొంతు మొదట గుమ్మం దాకా వచ్చింది, తర్వాత రోడ్డు దాటి మా షాపులోకొచ్చింది. ఒకరోజు పిన్నిగారొచ్చి, డాక్టరు ఇక భయం లేదన్నాడని బావ చెవిలో చెప్పింది.

ఆ శనివారం బావ మొహం వెలిగిపోతోంది. ఇన్నాళ్ళకి నిజం రాసే అవకాశం వచ్చింది మరి. పైన బొంగరం, కింద నిప్పుకోడి అని పొందికగా రాసి, పెన్ను మూతపెట్టి, అభ్యంతరాలున్నాయా అని మాటవరసకి అడిగాడు.

"ఉన్నాయి" అన్నాడు బాబాయి లేచి.

బావ నోరు తెరిచాడు. "మీవాడే కదా బాబాయిగారూ మొదట?"

"పాయింట్ గార్డు పనేమిటో చెప్పింది నువ్వే. ఎవరికి ఏది కావాలో చూసి అందించడం. ఆ నిప్పుకోడి నాకు అందించినంత ఈ ఎనిమిదిమందిలో ఎవడందించాడు? వాణ్ణి నెత్తినెక్కించుకోబట్టే కదా నాకు మాటొచ్చింది. మొదటి స్థానం వాడిది."

ఈ సంగతి ఎప్పటినుంచి తెలుసని బావ మెల్లగా అడిగాడు.

"రెండో శనివారం నుంచే."

"తెలిసే అన్ని తిట్లు తిట్టారా?"

"తెలిస్తే మాత్రం? బొంగరం ఎనిమిదేమిటయ్యా, నీకు కళ్ళు లేవా?" అన్నాడు బాబాయి. ఆ మాటకి షోకేసులో కళ్ళజోళ్ళు కదిలాయంటే నమ్మాలి.

బావ పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. లెక్కలన్నీ ఒకపక్కా, బాబాయి ఒకపక్కా లాగుతున్నట్టున్నాయి. "దీనికి ఆధారం?" అన్నాడు చివరి ప్రయత్నంగా.

"నా గొంతు" అన్నాడు బాబాయి.

బావ బోర్డు తుడిచి, పైన నిప్పుకోడి పేరు రాశాడు. అందరికన్నా ముందు టైలరే చప్పట్లు కొట్టాడు. నేను కూర్చున్నచోటి నుంచే బోర్డుని ఫొటో తీసుకున్నాను, కరెంటు స్తంభం దాకా మళ్ళీ అంటించాలి కదా.

వెళ్ళిపోతూ బాబాయి నా కుర్చీ దగ్గర ఆగాడు. ఎవరికీ వినపడకూడదని చెయ్యి అడ్డం పెట్టుకుని, నా చెవి దగ్గరకి వంగి, "నీవాడి ఆట మాత్రం మహా ఘోరమమ్మా" అన్నాడు గుసగుసగా.

ఆ గుసగుస విని, రోడ్డుకి అవతల మందుల షాపు ముందు నిలబడ్డవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు.