సలేశ్వరం దారిలో సత్తెమ్మ పెద్దమ్మ

పక్క ఫ్లాటులో ఎవరో నువ్వుల నూనెలో వెల్లుల్లి కాస్తున్నారు. ఆ వాసన మా వంటింటి కిటికీలోంచి రాగానే చేతిలో పని ఆగిపోయింది. మోకాళ్ళ నొప్పులకు అలా కాచిన నూనె రాసుకునేవాళ్ళు ఊరికొక వందమంది ఉంటారు. నాకు మాత్రం ఒక్క మనిషే గుర్తొస్తుంది. శంషాబాద్‌లో నేను అద్దెకున్న ఇంటావిడ, సత్తెమ్మ పెద్దమ్మ.

కొత్త విమానాశ్రయం మొదలైన మరుసటి ఏడు నేను గుడివాడ నుంచి అక్కడి సరుకుల ఆఫీసులో ఉద్యోగానికి వచ్చాను. వాళ్ళ మేడ మీద గదిలో దిగిన రోజునే "పిన్నిగారూ, నీళ్ళు ఎప్పుడొస్తాయండీ?" అని అడిగాను. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "గారు, అండి ఏంది బిడ్డా? నేనేమన్న తాసిల్దార్‌నా? పెద్దమ్మా అను, నీళ్ళు జల్ది ఒస్తయి," అంది. అలాగే అన్నాను. నీళ్ళు మాత్రం వాటి టైముకే వచ్చాయి. వాళ్ళ పొలమంతా విమానాశ్రయం కిందికి పోయింది, రెండు బర్రెలు మిగిలాయి. డాబా మీద బట్టలారేస్తూ, దిగుతున్న విమానాన్ని చూపించి "అగో, మా వరి మడిల దిగుతున్నది" అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఆ విమానం నేలకు ఆనేదాకా చూపు తిప్పేది కాదు.

ఆవిడకు ఒక పాత మొక్కు ఉంది. పెళ్ళయిన కొత్తలో భర్తను, అంటే నేను పెద్దబాపు అని పిలిచే మల్లయ్యను, పాము కరిచింది. బతికితే ఇద్దరం కలిసి సలేశ్వరం వస్తామని లింగమయ్యకు మొక్కుకుంది. సలేశ్వరం నల్లమల అడవి లోపల ఉంటుంది. చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులే జనాన్ని వదులుతారు. బండ్లు ఆగిన చోటు నుంచి రాళ్ళ గుట్టలు దాటి, లోతైన లోయలోకి దిగి, జలపాతం పక్కన గుహలో ఉన్న దేవుణ్ణి చూసి, దిగినదంతా మళ్ళీ ఎక్కి రావాలి. ఏటా సరిగ్గా ఆ రోజుల్లోనే యాసంగి కోతలు వచ్చిపడేవి. "భూమి ఉన్నన్ని దినాలు పురుసత్ లేకపాయె. పురుసత్ దొరికినంక మోకాళ్ళు లేకపాయె," అని నూనె రాసుకుంటూ అనేది. పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవన్న సామెత ఆవిడను చూశాకే నాకు సరిగా అర్థమైంది.

2012 చైత్రంలో వెళ్ళి తీరాలని అంతకుముందు చలికాలంలోనే నిశ్చయించుకుంది. నన్నూ రమ్మంది. అడగలేదు, రమ్మంది. నా సెలవు రోజుల్లో నన్ను సాధనకు పహాడీ షరీఫ్ తీసుకెళ్ళి దర్గా మెట్లు ఎక్కించేది. "గుట్ట ఏ దేవునిదైతేంది, మెట్లు మెట్లే గద," అని, పైన చక్కెర, పూలు సమర్పించి దండం పెట్టుకునేది. మొదటిసారి నేను వయసు పొగరుతో గబగబా ఎక్కి సగంలో రొప్పుతూ కూలబడ్డాను. ఆవిడ నింపాదిగా వచ్చి పక్కన నిలబడింది.

"మాట్లాడుకుంట ఎక్కు బిడ్డా. మాట తెగిందంటే ఆగు. ఎవరు ముందుకు పోయిన్రో నీకెందుకు?"

రొట్టెలు ఎన్నాళ్ళు నిలుస్తాయో, ఎండ ఎక్కకముందే ఎక్కడిదాకా నడవాలో, అన్నీ ఆలోచించింది. నేను వెళ్ళడం గురించి అడిగితే, ఆవిడ తిరిగి రావడం గురించి చెప్పేది. "పోవుడొక్కటే సోంచాయిస్తే ఎట్ల? ఒచ్చుడు గూడ మన కాళ్ళతోనే గద."

మేం ముగ్గురం జీపులో వెళ్ళి దిగిన ఆ రోజు అడవి దారంతా జనం. లోపలికి వెళ్ళేవాళ్ళు "వస్తున్నం లింగమయ్యా" అని, తిరిగి వచ్చేవాళ్ళు "పోయొస్తం లింగమయ్యా" అని కేకలు వేస్తున్నారు. అందరికంటే పెద్ద గొంతు మా పెద్దమ్మదే. గుట్టలు దాటుతున్నకొద్దీ ఆ గొంతు తగ్గుతూ వచ్చింది. దారి లోయలోకి దిగే అంచు దగ్గర, ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. బండ మీద కూర్చుని చాలాసేపు కిందికి చూసింది.

"దిగుత బిడ్డా. దిగుడుకేమున్నది? ఎక్కుడే నాతోని కాదు."

"కాసేపు కూర్చుని మెల్లగా వెళ్దాం పెద్దమ్మా. నేను పట్టుకుంటాను," అన్నాను.

"నా మోకాళ్ళ సంగతి నాకెరుకలేదా? గీ జనంల నన్నెవరు మోసుకొస్తరు?" అని భర్త వైపు తిరిగింది. "నువ్వన్న పోయి రా."

పెద్దబాపు భుజాన ఉన్న సంచి దించి ఆవిడ పక్కనే కూర్చున్నాడు. "ఇద్దరం ఒస్తమని మొక్కితివి. ఒక్కన్ని పోయి దేవునికి ఏమని చెప్పాలె?" అన్నాడు.

చివరికి ముగ్గురిలో ఏ మొక్కూ లేనిదాన్ని, భక్తి అంతంతమాత్రంగా ఉన్నదాన్ని, నేనొక్కదాన్నే దిగాను. వాళ్ళు ఎండలో కూర్చున్నారన్న తొందరే నాకు. జలపాతం కింద తల తడుపుకున్నాను, తోపులాటలో లింగమయ్యను ఒక్క క్షణం చూశాను, సీసాలో నీళ్ళు పట్టుకుని ఎక్కేశాను. ఆ నీళ్ళు పెద్దమ్మ ముందు పెద్దబాపు నెత్తిన చల్లి, తర్వాత తన నెత్తిన చల్లుకుంది. జీపు కదిలాక, "మొదట్నుంచి చెప్పు, ఎట్లున్నది?" అంది. నీళ్ళు ఎంత ఎత్తు నుంచి పడుతున్నాయి, గుహలో దీపం ఎటువైపు ఉంది, మడుగు లోతెంత అని అడుగుతూనే ఉంది. సగం ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత కూడా పాలు పోస్తూ, బియ్యం ఏరుతూ మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. ఒక పొద్దున నేను మెట్లు దిగుతుంటే, పాలకొచ్చిన ఒకామెతో ఆవిడ అంటున్న మాటలు వినిపించాయి. "నెత్తి మీద నీళ్ళు పడంగనే పానం లేచొచ్చిందనుకో." అవి నా మాటలే, ఆవిడ యాసలో. నేను చప్పుడు చేయకుండా మళ్ళీ పైకి వెళ్ళిపోయాను. మరుసటి చైత్రానికి, ఈసారి డోలీ మాట్లాడుకుని వెళ్దామా అని అడిగితే, నా ముఖం చూడకుండా "చూసిన గుట్టనే ఎన్నిసార్లు చూస్తం బిడ్డా," అంది.

2014 వానాకాలంలో జ్వరంతో పోయింది. పదో రోజున వచ్చిన చుట్టాలామె ఒకరు "పుణ్యాత్మురాలు, సలేశ్వరం చూసొచ్చింది," అంది. పెద్దబాపు తలెత్తి నా వైపు చూశాడు.

"అవునండీ, చూసింది," అన్నాను.

ఏ పని మొదలుపెట్టినా తిరిగొచ్చే దారి ముందుగా చూసుకోవడం నాకు ఆవిడ నుంచే అబ్బింది. దానికి జీవితాంతం రుణపడి ఉంటాను. మనసును కోసేది మాత్రం వేరే ఉంది. ఆవిడ జన్మంతా చూడాలనుకున్న చోటును నేను కాలు నిలవకుండా చూసి వచ్చాను. ఆవిడకు దక్కిన సలేశ్వరం నేను చూసిన ఆ కాస్తే. ఆవిడ కళ్ళతో కూడా చూస్తున్నానని ఆ రోజు తెలిసి ఉంటే, ఆ నీళ్ళ ముందు ఇంకాసేపు నిలబడేదాన్ని.