క్రాపీల కోసం ఒక ఆదివారం

అది 1983 వేసవి. అమెరికాలోని ట్రాయ్‌లో కార్ల ఇంజనీరుగా పనిచేసే ఆదిశేషుకి భార్య హైమ పోయి ఏడాదైంది. ఆదివారాలు దగ్గర్లోని సరస్సులో క్రాపీ చేపలు పట్టేవాడు. మోటారు బోటును నడక వేగంతో పోనిస్తూ, వెనక రెండు గాలాలు లాగేవాడు.

ఆ రోజు ఒక చేప పడింది. ఒడ్డున తన ఇంటి ముందు కూర్చున్న అమెరికన్ ముసలావిడ అడిగింది.

"ఏమైనా పడ్డాయా?"

"ఒకటి పడింది," అన్నాడు. శుక్రవారం ఆఫీస్ నుంచి వచ్చాక అతను నోరు విప్పడం అదే మొదలు.

చేపను ఎత్తి చూపించాడు. ఆవిడ నవ్వి లోపలికి వెళ్లిపోయింది.

ఎండ ముదిరితే క్రాపీలు లోతుకు దిగుతాయని తెలిసినా, ఆ ఇంటి ముందునుంచే బోటును ఇంకో రెండుసార్లు తిప్పాడు. తలుపు తెరుచుకోలేదు. చేపను నీళ్లలో వదిలేసి ఇంటికి బయల్దేరాడు.