బీరువాలో నడిచిన వాచీ

రసాల మామిడిపళ్ళను మర్యాదగా తినే పద్ధతి నూజివీడులో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. ముచిక తీసి నోట పెట్టుకోగానే రసం మోచేతి దాకా కారుతుంది. చొక్కా అయితే ఉతుక్కోవచ్చు. చేతికి వాచీ ఉన్నవాడి గతేమిటి? ఈ ప్రశ్న వేసుకున్న పాపానికే, రెండు వేసవుల కిందట పట్టపగలు మా ఇంట్లో నేను భయంతో పోవలసింది. పోలేదు కాబట్టి మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు.

వాచీ జపానుది. కొత్తదే, కానీ వాలకం మా నాన్న పుట్టకముందుది. మీగడ రంగు ముఖం, ఉబ్బెత్తు అద్దం. సెకన్ల ముల్లు గెంతదు, వేడన్నం మీద నెయ్యిలా జారుతుంది. వాచీలు పోగుచేసే జబ్బు నాకు అప్పటికే ముదిరింది. ధర మా ఆవిడ పద్మకి చెప్పే ధైర్యం లేక, "మా తాతయ్యది. అటక మీద దొరికింది" అన్నాను. వంద అబద్ధాలాడైనా పెళ్ళి చెయ్యమన్నారు. చేసిన పెళ్ళి నిలవడానికి ఒక్కటి ఆడకూడదా?

పక్కనే ఉన్న నానమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాపం, తాతయ్య గుర్తొచ్చాడనుకున్నాను.

రసాలు మొదలవగానే వాచీని బీరువాలో పెట్టి తాళం వేశాను. వారం తర్వాత తీస్తే నడుస్తోంది.

"పాతకాలం సరుకు ఎంత గట్టిదో చూశారా!" అంది పద్మ.

"గట్టితనం కాదే. దీనికి బ్యాటరీ ఉండదు. చేతికి పెట్టుకుని తిరిగితేనే స్ప్రింగు బిగుస్తుంది."

"పెట్టుకోకపోతే?"

"రెండ్రోజుల్లో ఆగిపోతుంది."

"మరి ఎవరు పెట్టుకుంటున్నారండీ?"

నా పరిజ్ఞానం నా పీకకే చుట్టుకుంది. అద్దం మీద పసుప్పచ్చని వేలిముద్ర. వాసన చూశాను. చిన్నరసం. తాతయ్యకి చిన్నరసాలంటే ప్రాణం. ఆ ప్రాణం పోయి చాలాకాలమైంది.

"శుక్రవారం లోపు దీన్ని కృష్ణలో కలిపి రండి. లేదంటే నేను చాట్రాయి వెళ్ళిపోతా" అంది పద్మ. చాట్రాయి వాళ్ళ పుట్టిల్లు.

నిజం చెబితే కాపురం గోవిందా, చెప్పకపోతే వాచీ గోవిందా. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి. వాచీ తాతయ్యదన్నది అబద్ధమని నాకు తెలుసు. తాతయ్యకి తెలియదేమో!

గురువారం మధ్యాహ్నం చూస్తే బీరువాకి వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల వాచీ లేదు. ఇల్లంతా నిశ్శబ్దం. తోటలో ఆకు కదలడం లేదు. కాయలు మాగేసిన గదిలో మాత్రం వరిగడ్డి గరగరమంటోంది. తలుపు కొద్దిగా తోశాను. చిమ్మచీకటి, తల తిరిగేంత తీపి వాసన. ఆ చీకట్లో, నేలకి జానెడెత్తున, వాచీ ముళ్ళు రెండు పచ్చగా వెలుగుతూ అటూ ఇటూ తిరుగుతున్నాయి. వెనక పద్మ నా చొక్కా పట్టుకుంది.

"తాతయ్యా!" అన్నాను, మేక గొంతుతో. "తప్పయిపోయింది!"

"ఏంట్రా ఆ కేకలు? పండిన కాయలు ఏరుతున్నా, కనబడట్లా?"

నానమ్మ!

"బీరువా తాళం వేసుందిగా నానమ్మా!"

"ఆ బీరువా మా పుట్టింటోళ్ళు పెట్టింది. రెండో తాళంచెవి నా దగ్గరుండదూ? నా మొగుడి వాచీ అంటివి. నేను కాక ఎవరు పెట్టుకోవాలి? రోజూ పెట్టుకుని మళ్ళీ పెట్టేస్తున్నా."

పద్మ పకపకా నవ్వింది. "హమ్మయ్య! ఇక కృష్ణలో కలపక్కర్లేదు లెండి."

వాచీ దక్కింది. కాపురమూ దక్కింది. ఇకముందు ఏ వాచీ కొన్నా బతికున్న చుట్టాల పేరే చెబుతాను తప్ప పోయినవాళ్ళ జోలికి వెళ్ళనని, ఆ మాగిన రసాల సాక్షిగా, చెంపలేసుకుని మరీ ఒట్టు పెట్టుకున్నాను.

నానమ్మ వాచీ విప్పి, కొంగుతో తుడిచి, పద్మ చేతిలో పెట్టింది.

"ఇదిగో అమ్మాయ్, నా మొగుడికి టైం చూడ్డమే రాదు. జన్మలో వాచీ కట్టలా."